‘మీ ఇష్టం డాక్టరుగారూ’ అనని పేషెంటు: ఐఎన్‌బీడీఈ ఎథిక్స్ ప్రశ్నలు

ప్రశ్న: ఆంధ్రాలో బీడీఎస్ చేసి, పెళ్లయ్యాక డాలస్ వచ్చాను. ఇక్కడ అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ (విదేశంలో చదివిన డెంటిస్టులు మధ్యలో చేరే డెంటల్ కోర్సు) సీటు కోసం ఐఎన్‌బీడీఈకి, అంటే అమెరికాలో డెంటిస్టు లైసెన్సుకు కావాల్సిన రాతపరీక్షకి, చదువుతున్నాను. ఫార్మకాలజీ, పెరియో (చిగుళ్ల వైద్యం), ఎండో (రూట్ కెనాల్ వైద్యం) బాగానే వస్తున్నాయి. ఎథిక్స్, పేషెంట్ మేనేజ్‌మెంట్ ప్రశ్నలు వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ రెండు ఆప్షన్లు సరైనవే అనిపిస్తాయి. ఏదో ఒకటి పెడతాను, అది తప్పవుతుంది. వివరణ చదివితే ‘ఓహో, ఇదా’ అనిపిస్తుంది. మర్నాడు అలాంటిదే ఇంకోటి వస్తే మళ్లీ తప్పే. మా కాలేజీలో ఇది పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో ఒక చాప్టరు, అంతే. దీనికి చదవాల్సిన పుస్తకం ఏదైనా ఉందా? లేక కామన్‌సెన్స్ ప్రశ్నలని వదిలేయనా? పరీక్షకు ఎనిమిది వారాలుంది.
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వదిలేయకండి. ఇవి కామన్‌సెన్స్ ప్రశ్నలు కావు. కామన్‌సెన్స్‌తో పెడుతున్నారు కాబట్టే తప్పవుతున్నాయి.

ముందు లెక్క చూద్దాం. ఐఎన్‌బీడీఈలో మొత్తం 500 ప్రశ్నలు. పరీక్ష పెట్టే జేసీఎన్‌డీఈ వాటిని మూడు వాటాలు వేసింది. రోగనిర్ధారణ, ట్రీట్‌మెంట్ ప్లానింగ్‌కి 36.2 శాతం, నోటి ఆరోగ్య నిర్వహణకి 42 శాతం, ‘ప్రాక్టీస్ అండ్ ప్రొఫెషన్’ అనే మూడో వాటాకి 21.8 శాతం. అంటే మూడో వాటాలోనే దాదాపు 109 ప్రశ్నలు. అన్నీ ఎథిక్స్ కావు. పేషెంటుతో మాట్లాడే తీరు, చట్టాలు, రికార్డులు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, పరిశోధనను చదివి అర్థం చేసుకోవడం, ప్రజారోగ్యం కూడా అందులోవే. పైగా మిగతా రెండు వాటాల కేసుల్లో కూడా ఇవి దూరి ఉంటాయి. ఇంత పెద్ద భాగాన్ని చివరి వారానికి నెట్టేయడం చాలామంది చేసే పొరపాటు.

ఇక అసలు సంగతి. మన క్లినిక్‌లో కుర్చీ ఎక్కిన మనిషి ఏమంటాడు? ‘మీ ఇష్టం డాక్టరుగారూ, మీరెలా అంటే అలాగే.’ ఇంటర్న్‌షిప్ ఏడాది పొడుగునా చెవిన పడిన మాట ఇది. డాక్టరు నిర్ణయిస్తారు, పేషెంటు తలూపుతారు, కొడుకో భర్తో బయట డబ్బు కడతారు. ఆ అలవాటులో చెడేమీ లేదు, నమ్మకం ఉంది. కానీ ఐఎన్‌బీడీఈ ప్రశ్న రాసేవాళ్ల మనసులో ఉన్న పేషెంటు ఆ మాట అనడు. అతను వింటాడు, అడుగుతాడు, తన నోటి గురించి తనే తేల్చుకుంటాడు. మీకు సరైనవే అనిపించే రెండింటిలో ఒకటి చాలాసార్లు ఇంటిపెద్ద ఇచ్చే జవాబు. మంచి మనసుతో ఇచ్చిందే, కానీ పేషెంటును పక్కన పెట్టి ఇచ్చింది. దాన్ని గుర్తుపట్టడం వచ్చిందంటే మీ ఇబ్బంది సగం తీరినట్టే.

ఒక మాదిరి ప్రశ్నను దగ్గరగా చూద్దాం. 62 ఏళ్ల స్త్రీ. కింది దవడ, కుడివైపు మొదటి మోలార్. ఇర్రివర్సిబుల్ పల్పైటిస్, అంటే పన్ను లోపలి నరం మళ్లీ కోలుకోలేనంతగా వాచింది. పన్ను నిలబెట్టదగ్గదే. మనం 46 అనే పన్ను అక్కడ 30వ నంబరు, ఆ నంబర్లు ఇంకా నోటికి రాకపోతే ఇవాళే మొదలుపెట్టండి. ఆమె ‘పీకేయండి’ అంటుంది. డెంటిస్టు ముందుగా ఏం చేయాలి? ఆప్షన్లు ఇవీ: బాగుచేయదగ్గ పన్ను కాబట్టి పీకనని చెప్పడం, అడిగింది కాబట్టి పీకడం, పీకించుకోవాలని ఎందుకు అనుకుంటోందో అడిగి, ఉన్న దారులన్నీ వాటి లాభనష్టాలతో వివరించడం, ఎండోడాంటిస్టు (రూట్ కెనాల్ స్పెషలిస్టు) దగ్గరకు పంపడం.

మన చెయ్యి మొదటిదాని మీదికి పోతుంది. పన్ను కాపాడటం మంచి పనే కదా. రెండోది అటానమీ అనిపిస్తుంది, కానీ కాదు. విషయం తెలియకుండా చేసిన ఎంపిక ఎంపిక కిందికి రాదు. నాలుగోది తప్పించుకోవడం. మూడోదే జవాబు. అది పేషెంటు కారణాన్ని బయటికి తెస్తుంది. డబ్బు ఇబ్బందా? రూట్ కెనాల్ అంటే భయమా? ఎవరో ఏదో చెప్పారా? కారణం తెలియకుండా తర్వాతి అడుగు వేయలేం.

ఇప్పుడు ప్రశ్నను ఒక్క వాక్యం పొడిగించండి. అన్నీ వివరంగా చెప్పాక కూడా, పూర్తి స్పృహలో ఉన్న ఆమె పీకించుకోవడానికే నిశ్చయించుకుంది. ఇప్పుడు మాట్లాడినదంతా రికార్డులో రాసి, కన్సెంట్ తీసుకుని పీకడమే సరైనది. ఇంకొంచెం మార్చండి. 30 ఏళ్ల మనిషి ఆరోగ్యంగా ఉన్న పళ్లన్నీ తీసేసి కట్టుడు పళ్లు పెట్టమంటున్నాడు. ఇక్కడ డెంటిస్టు కాదనవచ్చు, కాదనాలి. పేషెంటుకు చికిత్స వద్దనే హక్కుంది గానీ, హాని చేసే చికిత్స చేసి తీరాలని పట్టుబట్టే హక్కు లేదు. ‘ఏమైనా నాదే బాధ్యత’ అని సంతకం పెట్టి ఇచ్చినా ప్రమాణం కంటే తక్కువగా చేసిన పనికి అది రక్ష కాదు. ఎక్స్‌రేలు వద్దని, అవి లేకుండానే పని కానివ్వమని అడిగే పేషెంటు ప్రశ్నకూ ఇదే సూత్రం. ఒకే ప్రశ్నను ఇలా మూడు రకాలుగా మార్చి చూడటం మీకు మీరే చేసుకోదగ్గ సాధన. యాభై కొత్త ప్రశ్నలు గబగబా చేసేకంటే పది ప్రశ్నలను ఇలా తిప్పి చూస్తే ఎక్కువ ఒంటబడుతుంది.

పుస్తకం అడిగారు. మొదటి పుస్తకం అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఎథిక్స్ కోడ్. ఆ సంఘం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, చిన్నదే. ఐదు సూత్రాలు: అటానమీ, నాన్‌మాలెఫిసెన్స్, బెనెఫిసెన్స్, జస్టిస్, వెరాసిటీ. పేషెంటు స్వనిర్ణయం, హాని చేయకపోవడం, మేలు చేయడం, న్యాయం, నిజాయితీ అనుకోండి. వీటి నిర్వచనాలు అందరికీ వస్తాయి. ఏ వ్యవహారాన్ని కోడ్ ఏ సూత్రం కింద పెట్టిందన్న దగ్గరే మార్కులు పోతాయి. ఎందుకంటే అది ఊహకు అందినట్టు ఉండదు. అందుకే కోడ్‌తో పాటు ఇచ్చిన అడ్వైజరీ ఒపీనియన్లు, అంటే ఏ సందర్భంలో కోడ్ ఎలా వర్తిస్తుందో చెప్పే వివరణలు, కూడా చదవాలి. అసలు పట్టు అక్కడే ఉంది.

ఉదాహరణకు పిల్లల మీద దౌర్జన్యం. ‘హాని’ అన్న మాట తట్టి నాన్‌మాలెఫిసెన్స్ పెట్టేస్తాం. కోడ్‌లో అది బెనెఫిసెన్స్ కింద ఉంది. దౌర్జన్యం ఆనవాళ్లు గుర్తించి రిపోర్టు చేయడం ఆ పిల్లవాడికి చేసే మేలు కాబట్టి. చికిత్స మధ్యలో పేషెంటును వదిలేయడం నాన్‌మాలెఫిసెన్స్. తనకు రాని పనిని స్పెషలిస్టుకు పంపకుండా తనే చేయడం, మత్తు అలవాటుతో ప్రాక్టీసు చేయడం కూడా దాని కిందివే. హెచ్ఐవీ ఉందని పేషెంటును తిప్పి పంపడం జస్టిస్. ఇంకో డెంటిస్టు చేసిన పనిని పేషెంటు ముందు ఎంతవరకు విమర్శించవచ్చన్నదీ జస్టిస్ కిందే ఉంది. ఇది చాలామందికి తట్టదు. పేషెంటు అడిగితే రికార్డుల కాపీలు, ఎక్స్‌రేలతో సహా, ఉచితంగానో నామమాత్రపు ఖర్చుతోనో ఇవ్వాలన్నది అటానమీ. ఫీజు బాకీ ఉన్నా సరే ఇవ్వాలి. ‘బాకీ తీర్చాక ఇస్తాం’ అన్న ఆప్షన్ ఎంత సబబుగా కనిపించినా తప్పే.

ఇక వెరాసిటీ. మనవాళ్లకు అస్సలు అనుభవం లేని చోటు ఇదే, ఎందుకంటే మన దగ్గర పళ్ల వైద్యానికి జనం ఎక్కువగా జేబులోంచే కడతారు. అమెరికాలో ఫీజు 100 డాలర్లనుకోండి. ఇన్సూరెన్సు 80 శాతం, పేషెంటు 20 శాతం. ఆ 20 డాలర్ల వాటా పేరు కో-పేమెంట్. పేషెంటు పేదవాడని డెంటిస్టు జాలిపడి ‘పోనీలెండి’ అని ఆ 20 వదిలేశాడు, ఇన్సూరెన్సు కంపెనీకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. మనకు ఇది దయ, కాబట్టి బెనెఫిసెన్స్ పెడతాం. కోడ్ లెక్క వేరు. 20 వదిలేశాక అతని నిజమైన ఫీజు 80 డాలర్లే. దానిలో 80 శాతం అంటే 64. అతను కంపెనీ దగ్గర తీసుకున్నది 80. పదహారు డాలర్లు అబద్ధం చెప్పి తీసుకున్నట్టు. దీన్ని ఓవర్‌బిల్లింగ్ అంటారు, వెరాసిటీ ఉల్లంఘన. పేషెంటుకు సాయం చేయకూడదని కాదు. కో-పేమెంట్ తీసుకోవడం లేదని కంపెనీకి చెప్పి చేయాలి. పేషెంటుకు బెనిఫిట్ దక్కాలని చికిత్స తేదీని అటూ ఇటూ మార్చి రాయడం, చేసిన పనికి వేరే పేరు పెట్టి క్లెయిమ్ పంపడం కూడా ఇలాంటివే. అలర్జీ లేని పేషెంటుకు ‘ఒంట్లో విషం పోతుంది’ అని చెప్పి బాగున్న అమాల్గం (పాదరసం కలిసిన వెండిరంగు) ఫిల్లింగులు తీయడం కూడా వెరాసిటీ కిందే వస్తుంది.

ఇంకో డెంటిస్టు పని గురించి చెప్పాను కదా, అది కాస్త విప్పాలి. వేరే చోట వేసిన క్రౌన్ అంచు దగ్గర ఖాళీ ఉంది, కింద పుచ్చు మొదలైంది. మన నోట చటుక్కున వచ్చే మాట ‘ఎవరు చేశారమ్మా ఈ పని?’ పరీక్షలో అలాంటి ఆప్షన్ కనిపిస్తే దాటి వెళ్లండి. అలాగని పేషెంటు దగ్గర దాచడమూ తప్పే. ‘ఈ క్రౌన్ అంచు దగ్గర సందు ఉంది, కింద పుచ్చు కనిపిస్తోంది, మార్చాల్సి రావచ్చు’ అని ఇప్పటి స్థితిని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ పని ఏ పరిస్థితిలో జరిగిందో మనకు తెలియదు, వీలైతే ఆ డెంటిస్టుతో మాట్లాడి తెలుసుకోవాలి. ఘోరంగానో, పదేపదేనో తప్పుడు వైద్యం జరుగుతోందని తేలితే సంబంధిత పరిశీలన సంస్థకు తెలపాలి. పేషెంటు ముందు తిట్టడానికీ, సంస్థకు తెలపడానికీ మధ్య ఉన్న ఈ తేడాయే ప్రశ్న.

నీతి ఒకటి, చట్టం ఒకటి. అమెరికాలో ఏడీఏ అనే మూడక్షరాలు డెంటల్ అసోసియేషన్‌కీ, 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టానికీ రెండింటికీ వాడతారు. ప్రశ్నలో ఏది అన్నది చూసుకోండి. 1998లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన బ్రాగ్డన్ వర్సెస్ అబాట్ కేసు తెలుసుకుంటే రెండూ ఎక్కడ కలుస్తాయో అర్థమవుతుంది. మేన్ రాష్ట్రంలో ఒక డెంటిస్టు, లక్షణాలేవీ లేని హెచ్ఐవీ ఉన్న మహిళకు తన క్లినిక్‌లో ఫిల్లింగ్ వేయనన్నాడు. ఆసుపత్రిలో అయితే వేస్తాను, ఆసుపత్రి ఖర్చు ఆమె పెట్టుకోవాలన్నాడు. లక్షణాలు లేకపోయినా హెచ్ఐవీ ఆ చట్టం కిందికి వస్తుందని కోర్టు తేల్చింది. కాబట్టి ‘చివరి అపాయింట్‌మెంట్ ఇవ్వడం’, ‘వేరే గదిలో చేయడం’, ‘హెచ్ఐవీ క్లినిక్‌కు పంపడం’ వంటి ఆప్షన్లు మర్యాదగా కనిపించే వివక్ష. అందరికీ వాడే స్టాండర్డ్ ప్రికాషన్స్‌తోనే చికిత్స చేయాలి. వైద్యపరమైన కారణం ఉంటే, ఉదాహరణకు ప్లేట్‌లెట్లు బాగా తగ్గి ఉంటే, ఫిజీషియన్‌ను సంప్రదించడం వేరే సంగతి.

సంస్థల పేర్లు కూడా గజిబిజిగా ఉంటాయి. జబ్బుల నివారణ చూసే సీడీసీ మార్గదర్శకాలు ఇస్తుంది, జరిమానా వేయదు. ఓషా ఉద్యోగులను కాపాడే చట్టం అమలు చేస్తుంది, పేషెంటు భద్రత దాని పని కాదు. మందులు, పరికరాలు ఎఫ్‌డీఏ చూస్తుంది. బల్లలూ కుర్చీలూ తుడిచే డిస్ఇన్‌ఫెక్టెంట్ల రిజిస్ట్రేషన్ పర్యావరణ సంస్థ ఈపీఏది. లైసెన్సు ఇచ్చేదీ తీసేసేదీ ఆ రాష్ట్రపు డెంటల్ బోర్డు. అసోసియేషన్ ఎవరి లైసెన్సూ రద్దు చేయలేదు. ఓషా నియమాల్లో మూడు అంకెలు చాలు: రక్తం తగిలే పనిలో పెట్టిన 10 పనిదినాల్లోపు హెపటైటిస్ బి టీకా యజమాని ఖర్చుతో ఇవ్వజూపాలి; ఉద్యోగి వైద్య రికార్డులు ఉద్యోగకాలం మీద మరో 30 ఏళ్లు ఉంచాలి; శిక్షణ రికార్డులు 3 ఏళ్లు. ఉద్యోగి టీకా వద్దంటే సంతకం తీసుకోవాలి. తర్వాత మనసు మారితే అప్పుడైనా ఉచితంగానే ఇవ్వాలి.

సూది గుచ్చుకున్న ప్రశ్న వస్తే వరస ముఖ్యం. ముందు సబ్బూ నీళ్లతో కడగాలి, పిండకూడదు. వెంటనే రిపోర్టు చేయాలి. పేషెంటు ఒప్పుకుంటే పేషెంటు రక్తం, గుచ్చుకున్నవాళ్ల రక్తం పరీక్షకు పంపాలి. హెచ్ఐవీ అనుమానం ఉంటే మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటనివ్వకూడదు. రిస్కు అంకెలు: హెచ్ఐవీ 0.3 శాతం, హెపటైటిస్ సి పాత లెక్కలో 1.8 శాతం (2020 నాటి సీడీసీ లెక్కలో 0.2), టీకా లేనివారికి హెపటైటిస్ బి 6 నుంచి 30 శాతం. రివర్స్‌లో కూడా ప్రశ్న ఉంటుంది. డెంటిస్టు రక్తం పేషెంటుకు తగిలితే ఆ సంగతి పేషెంటుకు చెప్పి తీరాలి.

‘ముందుగా’, ‘తర్వాత’, ‘తప్ప’ అన్న మాటల మీద గీత గీయండి, మనసులోనైనా. ‘ముందుగా ఏం చేయాలి’ అన్న ప్రశ్నలో నాలుగు ఆప్షన్లూ సరైన పనులే కావచ్చు, వరసే తేడా. రెండూ సరైనవే అనిపించడానికి ఇది ఇంకో కారణం. మామూలు వరస ఇలా ఉంటుంది: ప్రాణాపాయం ఉంటే అది ముందు, లేదంటే సమాచారం తెలుసుకోవడం, తర్వాత పేషెంటుకు చెప్పడం, ఆ పైన పేషెంటుతో కలిసి నిర్ణయం, చివరికి చేయడం, రాయడం. రూట్ కెనాల్ చేస్తుండగా ఫైల్ అనే సన్నని పరికరం పన్నులో విరిగింది. ఎండోడాంటిస్టుకు పంపడం సరైనదే, కానీ దానికంటే ముందు పేషెంటుకు చెప్పాలి. పొరపాటున పక్క పన్ను పీకితే కూడా మొట్టమొదట నిజం చెప్పడమే. ఇన్సూరెన్సుకో లాయరుకో ఫోన్ చేయడం ఆ తర్వాతి పని.

పిల్లల కేసులో వరస తారుమారైనట్టు కనిపిస్తుంది, జాగ్రత్త. నాలుగేళ్ల బాబు. పై పెదవిని లోపల చిగురుకు కలిపే సన్నని పొర, ఫ్రీనం, చిరిగింది. చెంప మీద రకరకాల రంగుల్లో, వేర్వేరు రోజుల నాటివిగా అనిపించే కమిలిన మచ్చలు. తల్లి చెప్పే కారణానికీ దెబ్బకూ పొంతన లేదు. ‘తల్లిని గట్టిగా అడగడం’, ‘ఇంకో విజిట్‌లో గమనించి చూడటం’, ‘కచ్చితమని తేలాక చెప్పడం’ అన్న ఆప్షన్లు ఉంటాయి. మన పద్ధతిలో పరాయి ఇంటి గొడవలో తలదూర్చడం పెద్దమనిషి తరహా కాదు. అక్కడ డెంటిస్టుకు రిపోర్టు చేయడం చట్టరీత్యా విధి. సహేతుకమైన అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. తేల్చడం పిల్లల రక్షణ సంస్థ పని. అనుమానంతో సదుద్దేశంగా చెప్పినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. చెప్పకపోతే శిక్ష ఉంటుంది. మన దగ్గర కూడా 2012 నాటి పోక్సో చట్టం పిల్లలపై లైంగిక నేరాలు తెలిస్తే చెప్పి తీరాలంటుంది, కాబట్టి ఈ ఆలోచన మీకు పూర్తిగా కొత్తదేమీ కాదు.

కన్సెంట్ విషయంలో సంతకం అసలు సరుకు కాదు. జబ్బేమిటి, చేయబోయేదేమిటి, లాభం, ప్రమాదం, వేరే దారులు, ఏమీ చేయకపోతే ఏమవుతుంది, ఇవన్నీ పేషెంటుకు అర్థమయ్యే భాషలో డెంటిస్టు చెప్పడం అసలు సరుకు. రిసెప్షనిస్టు కాగితం మీద సంతకం తీసుకుంటే కన్సెంట్ కాదు. అసలు కన్సెంటే లేకుండా చేస్తే అది బ్యాటరీ, అంటే ఒప్పుకోని మనిషి ఒంటిమీద చెయ్యి వేసిన తప్పు. కన్సెంట్ ఉండి పని ప్రమాణం కంటే తక్కువైతే నెగ్లిజెన్స్ (నిర్లక్ష్యం). నెగ్లిజెన్స్ రుజువు కావాలంటే నాలుగు ఉండాలి: బాధ్యత, దాన్ని తప్పడం, జరిగిన నష్టం, ఆ తప్పడం వల్లే నష్టం జరిగిందన్న లంకె. ఒక్కటి లేకపోయినా కేసు నిలవదు.

ప్రశ్నతో పాటు ఇచ్చే పేషెంట్ బాక్సులో ఈ ప్రశ్నలు ఎలా దాక్కుంటాయో చెప్తాను. బాక్సులో వయసు, వచ్చిన ఇబ్బంది, చరిత్ర, మందులు, అలర్జీలు, పరీక్షలో కనబడినవి ఇస్తారు. మనం మందుల దగ్గరకు దూకుతాం. వయసు 16 అని ఉండి, అమ్మమ్మ వెంట వచ్చిందని చరిత్రలో ఒక మాట ఉంటుంది. జ్ఞానదంతం తీయడానికి తర్వాతి అడుగు ఏమిటంటే, తల్లిదండ్రుల లేదా చట్టబద్ధ సంరక్షకుల అనుమతి తెచ్చుకోవడం. మన లెక్కలో అమ్మమ్మ తల్లితో సమానం. చట్టం లెక్కలో కాదు, అధికారం రాసి ఇచ్చి ఉంటే తప్ప. ఇంకో బాక్సు: 70 ఏళ్ల పెద్దావిడకు తెలుగు తప్ప రాదు, 12 ఏళ్ల మనవడు అనువదిస్తున్నాడు. డాలస్‌లో మీరు కళ్లారా చూసే దృశ్యమే. పరీక్ష కోరేది అర్హతగల ఇంటర్‌ప్రెటర్‌ని. పసివాడికి వైద్యం మాటలు రావు, నానమ్మ అతని ముందు తన జబ్బులు చెప్పుకోనూ లేదు. డెంటిస్టు ఇంటర్‌ప్రెటర్ వైపు కాకుండా పేషెంటు వైపు చూస్తూ మాట్లాడాలన్నది కూడా అడుగుతారు. ఆవిడ కొడుకు ఫోన్ చేసి ‘మా అమ్మకు ఏం తేలింది’ అంటే, ముందు ఆవిడ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోవాలి. పేషెంటు వివరాల గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం చూసేది అదే.

మాట్లాడే తీరు ప్రశ్నలకు ఒక్క సూత్రం చాలావరకు పనిచేస్తుంది: సలహా కంటే ముందు భావాన్ని గుర్తించిన ఆప్షన్. ‘ఆ ఇంజెక్షన్ చూస్తే నాకు ప్రాణం పోయినట్టుంటుంది’ అన్న పేషెంటుకు ‘ఏమీ కాదు, చీమ కుట్టినట్టే’ అని చెప్పడం మనకు ధైర్యం చెప్పడం. పరీక్షకు అది అతని భయాన్ని కొట్టిపారేయడం. ‘ఇంజెక్షన్ అంటే మీకు చాలా భయంగా ఉంది. ఇంతకు ముందు ఏం జరిగిందో చెప్తారా?’ అన్నది జవాబు. అవును, కాదు అని తేలిపోని ప్రశ్న అది. పొగాకు మానడం గురించి వస్తే పేషెంటు అన్న మాట నుంచి అతను మార్పులో ఏ దశలో ఉన్నాడో పట్టుకోండి. ‘మానాలనే ఉంది, ఆర్నెల్లలో చూద్దాం’ అంటే కాంటెంప్లేషన్ (ఆలోచన దశ). ‘వచ్చే నెల 1 నుంచి మానేస్తా, నికోటిన్ ప్యాచ్ కొన్నాను’ అంటే ప్రిపరేషన్ (సిద్ధపడే దశ). మానేసి ఆరు నెలలు దాటితే మెయింటెనెన్స్ (నిలుపుకునే దశ). కాంటెంప్లేషన్‌లో ఉన్నవాడికి క్విట్ డేట్ పెట్టమనే ఆప్షన్ తొందరపాటు. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్‌ని శిక్ష అనుకోవద్దు. పిల్లవాడు ఏడ్చాడని తల్లి చికిత్స ఆపించి తీసుకెళ్లిపోయింది, మళ్లీసారి ఇంకా ఎక్కువ ఏడ్చాడు. ఇష్టం లేనిది తీసేయడం వల్ల ప్రవర్తన పెరిగింది. అదే నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్.

మీ ఎనిమిది వారాలకు వద్దాం. రోజుకు నలభై నిమిషాలు దీనికి కేటాయించండి, అదీ క్లినికల్ చదివి అలిసిపోయాక కాదు. మొదటి రెండు వారాలు కోడ్ రెండుసార్లు చదవండి. రెండోసారి ప్రతి అడ్వైజరీ ఒపీనియన్ పక్కన ఒక్క తెలుగు వాక్యం రాసుకోండి. ‘బాకీ ఉన్నా కాపీలు ఇవ్వాలి’ అన్నట్టు. తెలుగులో రాస్తే నిజంగా అర్థమైందో లేదో మీకే తెలిసిపోతుంది. మూడు నుంచి ఐదో వారం దాకా రోజుకు 15 ప్రశ్నలు చేస్తూ తప్పుల పుస్తకం పెట్టండి. సరైన జవాబు రాసుకుంటే చాలదు. ‘ఓహో, ఇదా’ అనిపించి మర్నాడు మళ్లీ తప్పడం అందువల్లే. మీరు పెట్టిన తప్పు జవాబు మీకు ఎందుకు నచ్చిందో రాయండి. ఇంటిపెద్ద అలవాటా, వరస తప్పడమా, నియమం తెలియకపోవడమా, ‘తప్ప’ అన్న మాట చూడకపోవడమా? వారం తిరిగేసరికి ఒక రకమే ఎక్కువ కనిపిస్తుంది. నియమం తెలియని తప్పులు చదివితే పోతాయి. అలవాటు తప్పులకు ప్రశ్నను తిప్పి చూసే సాధన కావాలి.

చివరి మూడు వారాలు వీటిని విడిగా చేయకండి, క్లినికల్ ప్రశ్నల్లో కలిపి గడియారం పెట్టుకుని చేయండి. మొదటి రోజు విడి ప్రశ్నలు 100కి 105 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 63 సెకన్లు. అదే రోజు కేసు ప్రశ్నలు 60, రెండో రోజు 70 చొప్పున రెండు విడతలు, ప్రతి విడతకూ 105 నిమిషాలే. రెండో రోజు ఒక్కో ప్రశ్నకు 90 సెకన్లు ఉంటాయి, బాక్సు చదివే సమయం కూడా అందులోదే. ప్రతి కేసుకూ ముందు వయసు, వెంట వచ్చిందెవరు, నిర్ణయం చేయగల స్పృహ ఉందా అన్న మూడు చూసి, ఆ తర్వాత మందులకు వెళ్లండి. నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీ వదలకండి.

గ్రూపుల్లో పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలు పంచుతుంటారు. వాటి జోలికి పోవద్దని గట్టిగా చెప్తున్నాను. జేసీఎన్‌డీఈ నియమాల ప్రకారం విడుదల చేయని ప్రశ్నలు పంచడమూ వాడుకోవడమూ ఉల్లంఘనే, ఫలితం రద్దు కావచ్చు. ఇన్నేళ్ల చదువు, వీసా, సీటు, అన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి. పైగా ఆ ప్రశ్నలకు అక్కడ ఇచ్చే జవాబులు ఎవరివో తెలియదు, ఎథిక్స్‌వి మరీను. అదే ఇంటిపెద్ద జవాబు పదిమంది చేతుల మీదుగా మీ దగ్గరకు వస్తుంది.

మన 2014 నాటి దంతవైద్యుల నీతి నియమావళి ఒకసారి చూస్తే చాలు. పునాది ఒకటే కానీ ఇన్సూరెన్సు, హిపా, ఓషా దానిలో దొరకవు. ఇవాళ రాత్రి అసోసియేషన్ కోడ్‌లో ఐదో భాగం, ఫీజుల గురించి ఉన్న పేజీలు తెరవండి. కో-పేమెంట్ లెక్కను 250 డాలర్ల క్రౌన్‌కీ, 50 శాతం వాటాకీ మీరే వేసి చూడండి. పేషెంటు వాటా వదిలేస్తే కంపెనీ నిజంగా ఇవ్వాల్సింది ఎంతో తేల్చి, అక్కణ్నుంచి వెనక్కి మొదటి భాగానికి చదువుకుంటూ రండి.